ఫిష్టే చెప్పిన ‘నేను’ను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: బడిపంతులు

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తూ, దూరవిద్య ద్వారా తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. జర్మన్ తత్త్వవేత్తలలో కాంట్‌కూ హెగెల్‌కూ చెరొక పెద్ద అధ్యాయం కేటాయించిన మా పాఠ్యపుస్తకంలో యోహాన్ గోట్‌లీబ్ ఫిష్టేకు దక్కినవి రెండే పేజీలు. కాంట్ చెప్పిన, మన అనుభవానికి అందకుండా తనంతట తానుగా ఉండే వస్తువును ఫిష్టే తోసిపుచ్చాడనీ, ‘నేను’ తనను తాను స్థాపించుకుంటుందన్నాడనీ, ‘నేను కానిది’ కూడా ఆ ‘నేను’లోనే స్థాపితమవుతుందన్నాడనీ, ఆ దారిలోనే షెల్లింగ్, హెగెల్ నడిచారనీ అందులో ఉంది. పరీక్షకు ఆ మాత్రం చాలునేమో గాని, నా మనసుకు చాలడం లేదు.

నేను పాఠం చెప్పే గది కిటికీలోంచి ఒక చింతచెట్టు కనబడుతుంది. ఆ చెట్టు నా ‘నేను’ నుంచి పుట్టిందని తెలివిగల మనిషి ఎవరైనా మనస్ఫూర్తిగా నమ్మగలడా? ఒకవేళ ఆయన చెప్పింది అది కాకపోతే, అసలు చెప్పింది ఏమిటి? మా నాన్నగారు రోజూ ఉపనిషత్తులు చదువుకుంటారు. ఈ సంగతి ఆయనతో ప్రస్తావిస్తే, ‘ఇదంతా మన అద్వైతమే కదరా’ అన్నారు. నిజంగా రెండూ ఒకటేనా? ఇంకొక సందేహం చరిత్రకు సంబంధించినది. 1793లో ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ రాసిన మనిషి, 1807 వచ్చేసరికి జర్మన్ జాతిని ఉద్దేశించి ప్రసంగాలు చేసి, తర్వాతి జాతీయవాదులకు ఎలా ఆరాధ్యుడయ్యాడు? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు
రాసినవారు: పాత అధ్యాపకుడు

బడిపంతులు గారికి నమస్కారం. నేను చాలాకాలం కళాశాలలో పాశ్చాత్య తత్త్వశాస్త్రం చెప్పాను. మొదట్లో నేను కూడా ఫిష్టేను కాంట్ నుంచి హెగెల్‌కు దాటించే వంతెనగానే పరిచయం చేసేవాణ్ని. ఆ పొరపాటు దిద్దుకోవడానికి నాకు తోడ్పడింది ఆయన జీవితకథ. అందుకని ముందు అదే చెబుతాను. మీ చింతచెట్టు ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉంది.

ఫిష్టే 1762 మే 19న సాక్సనీలోని రమ్మెనౌ అనే పల్లెలో, రిబ్బన్లు నేసి పొట్టపోసుకునే ఇంట పెద్ద కొడుకుగా పుట్టాడు. ఆ రోజుల్లో అలాంటి ఇంటి పిల్లవాడు మగ్గం దగ్గరే పెరిగి మగ్గం దగ్గరే ముసలివాడు కావలసిందే. అయితే ఫిష్టేకు ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో, మిల్టిట్జ్ అనే భూస్వామి ఒక ఆదివారం ఆ ఊరి చర్చికి ఆలస్యంగా వచ్చి, ప్రసంగం వినలేకపోయానని విచారించాడట. విన్నది విన్నట్టు ఒప్పజెప్పగల కుర్రవాడు ఒకడున్నాడని ఊరివాళ్లు చెప్పి, ఫిష్టేను తీసుకొచ్చి నిలబెట్టారు. పిల్లవాడు ప్రసంగాన్ని ఆవేశంతో సహా తిరిగి చెప్పాడు. మిల్టిట్జ్ ఆ పూటే అతని చదువు బాధ్యత తన మీద వేసుకున్నాడు. అలా 1774లో ఫిష్టే ప్ఫోర్టా అనే పేరున్న విద్యాలయంలో చేరాడు. కవి క్లోప్‌స్టాక్ అంతకుముందు చదివిందీ, తత్త్వవేత్త నీషే ఆ తర్వాత చదివిందీ అక్కడే. కాని మిల్టిట్జ్ ఆ ఏడాదే చనిపోయాడు. ఆయన కుటుంబం నుంచి వచ్చే సాయం కొన్నేళ్లకు ఆగిపోయింది. యేనాలో, లైప్‌జిగ్‌లో క్రైస్తవ మతశాస్త్రం చదివిన ఫిష్టే పట్టా చేతికి రాకుండానే బయటికొచ్చి, ధనికుల ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పి బతకవలసి వచ్చింది.

జూరిక్‌లో ఆయన చదువు చెప్పిన ఇంటి సంగతి ఒకటి మీవంటి ఉపాధ్యాయులకు నచ్చుతుంది. పిల్లల పెంపకంలో తల్లిదండ్రులు చేస్తున్న తప్పులను ఆయన ఒక దినచర్య పుస్తకంలో రాసిపెట్టి, వాటిని ఆ తల్లిదండ్రులకే చదివి వినిపించేవాడు. అలాంటి మనిషికి ఏ కొలువూ ఎక్కువకాలం నిలవలేదంటే ఆశ్చర్యం లేదు. క్లోప్‌స్టాక్ మేనకోడలు యోహానా రాన్‌తో పరిచయమైంది ఆ నగరంలోనే. 1793లో వారిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఇక అసలు మలుపు 1790లో వచ్చింది. లైప్‌జిగ్‌లో ఒక విద్యార్థి కాంట్ తత్త్వశాస్త్రం చెప్పమని అడిగాడు. ఫిష్టే అప్పటిదాకా కాంట్‌ను చదవలేదు. డబ్బు అవసరం కనుక ఒప్పుకొని చదవడం మొదలుపెట్టాడు. లోకంలో జరిగే ప్రతిదీ ముందున్న కారణాల గొలుసుకు కట్టుబడి జరుగుతుందనీ, మనిషి నిర్ణయం కూడా ఆ గొలుసులో ఒక లంకె మాత్రమేననీ ఆయన అంతవరకూ నమ్మేవాడు. ఆ నమ్మకం ఆయనను లోలోపల కుంగదీస్తూ ఉండేది. కాంట్ రాసిన ఆచరణాత్మక బుద్ధి విమర్శ చదివాక, తాను కొత్త లోకంలో బతుకుతున్నాననీ, ఎన్నటికీ చెదరవనుకున్న అభిప్రాయాలు చెదిరిపోయాయనీ మిత్రుడికి ఉత్తరం రాశాడు. పుట్టుకతో పడిన గీతను దాటి వచ్చినవాడికి, మనిషి స్వేచ్ఛ నిజమేనని చెప్పే ఒక శాస్త్రం దొరికితే ఎలా ఉంటుందో ఊహించండి.

1791 జూలైలో ఫిష్టే కోనిగ్స్‌బర్గ్ వెళ్లి కాంట్‌ను కలిశాడు. ఆ వృద్ధుడు పెద్దగా పట్టించుకోలేదు. ఫిష్టే బసకు తిరిగివెళ్లి, సుమారు ఐదు వారాలలో, దైవవాణి అనే భావనను పరీక్షిస్తూ ఒక గ్రంథం రాసి కాంట్‌కు పంపాడు. ఆ తర్వాత చేతిలో డబ్బు అయిపోయి, ఇంటికి చేరడానికి అప్పు ఇమ్మని కాంట్‌నే అడిగాడు. కాంట్ అప్పు ఇవ్వలేదు గాని, ఆ గ్రంథాన్ని అమ్ముకోవడానికి ప్రచురణకర్తను చూపించాడు. 1792లో ఆ పుస్తకం రచయిత పేరు లేకుండా వెలువడేసరికి, అది కాంట్ రచనేనని పత్రికలు పొగిడాయి. అసలు రచయిత ఫిష్టే అని కాంట్ స్వయంగా ప్రకటించడంతో, ముప్పై ఏళ్ల పేద ఉపాధ్యాయుడు జర్మన్ ప్రాంతాలన్నిటా ఒక్కసారిగా ప్రసిద్ధుడయ్యాడు. 1794లో యేనా విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పదవి ఇచ్చింది. తొలి బహిరంగ ఉపన్యాసానికి ఊళ్లోని అతి పెద్ద గది చాలక, విద్యార్థులు వరండాలోనూ వాకిట్లోనూ నిండిపోయి, బల్లల మీదా బెంచీల మీదా నిలబడి విన్నారని ఆయన భార్యకు రాశాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ మరుసటి ఏడాది ఆయన ఒక ఉత్తరం చిత్తుప్రతిలో తన సిద్ధాంతాన్ని ‘స్వేచ్ఛకు సంబంధించిన మొదటి దర్శనం’ అని పేర్కొన్నాడు. ఫ్రెంచివారు మనిషిని బయటి సంకెళ్ల నుంచి విడిపించినట్టే, తన దర్శనం మనిషిని వస్తువుల సంకెళ్ల నుంచి విడిపిస్తుందని ఆ ఉత్తరంలో అంటాడు. చింతచెట్టు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఆయనను వేధించిన ప్రశ్న కాదు. బయటి వస్తువుల నుంచి మొదలుపెట్టి వివరించుకుంటూ పోతే, ఆ వివరణలో స్వేచ్ఛగల మనిషికి ఎక్కడా చోటు దొరకదు. స్వేచ్ఛగల మనిషి నుంచి మొదలుపెడితే వస్తువులకు కూడా చోటు దొరుకుతుంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తర్కం ఒక్కటే తేల్చలేదనీ, ఒక మనిషి ఏ తత్త్వాన్ని ఎంచుకుంటాడన్నది అతను ఎలాంటి మనిషి అన్నదాని మీద ఆధారపడి ఉంటుందనీ 1797లో ఆయన రాశాడు. నాకు ఆయన రచనల్లో అన్నిటికంటె ఇష్టమైన మాట అదే.

జవాబు
రాసినవారు: యేనా నివాసి

మాస్టారు జీవితం చెప్పారు కనుక, నేను ‘నేను’ దగ్గరికే వస్తాను. ఉద్యోగరీత్యా యేనాలో ఉంటూ, జర్మన్ నేర్చుకుని, ఈ గ్రంథాలను మెల్లగా మూలంలో చదువుతున్నాను. బడిపంతులు గారికి ఒక పాత తరగతి గదిని చూపించాలనిపిస్తోంది.

1798 ప్రాంతంలో ఫిష్టే పాఠం విన్న స్టెఫెన్స్ అనే ఆయన తన జ్ఞాపకాలలో ఇలా రాశాడు. ఫిష్టే వేదిక మీదికి వచ్చి, మీ మనసులను లోపలికి తిప్పుకోండి అన్నాడు. విద్యార్థులు సర్దుకుని కూర్చున్నారు. కొందరు నిటారుగా అయ్యారు, కొందరు కళ్లు వాల్చారు. ‘గోడను తలచుకోండి’ అన్నాడు. అందరూ తలచుకున్నారు, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ‘గోడను తలచుకున్నారా? అయితే ఇప్పుడు గోడను తలచుకున్న ఆ మనిషిని తలచుకోండి’ అన్నాడు. అప్పుడు గదిలో కలవరం మొదలైంది. గోడను పట్టుకున్నట్టు ఆ తలచినవాణ్ని పట్టుకోబోతే, పట్టుకోబోయేవాడు మళ్లీ వెనుకే మిగిలిపోతున్నాడు.

ఇది మీరే ఒకసారి చేసి చూడండి. ‘నేను’ను ఒక వస్తువులా ఎదురుగా పెట్టుకుని చూడబోతే చిక్కదు. అయినా తలచుకుంటున్నది నేనేనని మనకు క్షణం కూడా అనుమానం రాదు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించిన ఫిష్టే, ‘నేను’ ఒక వస్తువు కాదనీ, అది ఒక చర్య అనీ తేల్చాడు. తనను తాను ఎరిగే చర్య జరుగుతున్నంతసేపే ‘నేను’ ఉంటుంది. ఆ చర్యకు ముందే ఎక్కడో ఒక పదార్థంగా ఉండి, తర్వాత ఎరగడం మొదలుపెట్టదు. ‘నేను తనను తాను స్థాపించుకుంటుంది’ అని మీ పుస్తకంలో ఉన్న వాక్యానికి అర్థం ఇది. దీనికోసం ఆయన టాట్‌హాండ్‌లుంగ్ అనే మాటను వాడాడు. జర్మన్‌లో వాస్తవాన్ని టాట్‌జాఖె అంటారు, అందులో జాఖె అంటే వస్తువు. దాన్ని తీసేసి, ఆ స్థానంలో చేయడం అనే అర్థమున్న హాండ్‌లుంగ్‌ను పెట్టాడు. అంటే చేయడమూ, చేయగా నిలిచినదీ ఒకటే అయిన కృత్యం అని.

ఈ విషయంలో మన తెలుగు నాకు జర్మన్ కంటె ఎక్కువ సాయం చేసింది. ‘వస్తున్నాను’ అన్నప్పుడు ‘నేను’ అని విడిగా పలకనక్కరలేదు. చివరి ‘ను’లో అది ఉంది, క్రియను వదిలి దానికి వేరే ఉనికి లేదు. ‘చూస్తున్నాను, తలుస్తున్నాను, కాదంటున్నాను’ అన్న ప్రతి మాటలోనూ అది క్రియకు అంటుకునే వస్తుంది. ఫిష్టే ‘నేను’ను నామవాచకంగా తలచుకుంటే చిక్కుల్లో పడతాం. క్రియ చివర ఉండే ‘ను’గా తలచుకుంటే ఆయన గ్రంథం మొదటి పేజీలు తేలికపడతాయి. ‘అహం’ అని అనువదించడం నాకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే. తెలుగులో ఆ మాట వినగానే గర్వం గుర్తొస్తుంది.

ఇక చింతచెట్టు. మీ ‘నేను’ దాన్ని మొలిపించిందని ఫిష్టే ఎక్కడా అనలేదు. 1794–95లో అచ్చయిన తన ప్రధాన గ్రంథంలో ఆయన అన్‌స్టోస్ అనే మాట వాడతాడు. తాకిడి అని చెప్పుకోవచ్చు. మన చర్య ఎక్కడో దేనికో తగిలి వెనక్కి మళ్లుతుంది. అలా మళ్లినప్పుడే మనకు మన సంగతీ, మనకు ఎదురైనదాని సంగతీ తెలుస్తాయి. ఆ తాకిడిని మనం కల్పించుకోలేదు, వద్దనుకున్నా పోదు. అయితే తగిలినదాన్ని చెట్టుగా, పచ్చగా, కిటికీకి అవతల ఉన్నదిగా తెలుసుకునే పని మనదే. మనం తెలుసుకునే తీరుకు పూర్తిగా బయట ఉండి, మనలో అనుభవాలు పుట్టించే వస్తువు ఒకటి ఉందని చెప్పడం మాత్రం, ‘పుట్టించడం’ అనే మన ఆలోచననే మన ఆలోచన చేరలేని చోట వాడడం అవుతుందని ఆయన అభ్యంతరం. కాంట్ దీన్ని అంగీకరించలేదు. 1799లో ఆయన ఫిష్టే సిద్ధాంతం నిలవదని బహిరంగంగా ప్రకటించాడు. గురువుగా భావించినవాడి నుంచి వచ్చిన ఆ మాట ఫిష్టేకు ఎంత కష్టం కలిగించి ఉంటుందో!

జవాబు
రాసినవారు: వేదాంత విద్యార్థిని

బడిపంతులు గారూ, మీ నాన్నగారి మాటను తేలిగ్గా తీసేయకండి. యేనా నివాసి గారు చెప్పిన గోడ ఉదంతం చదవగానే నాకు బృహదారణ్యకంలోని ‘విజ్ఞాతారమరే కేన విజానీయాత్’ అన్న వాక్యం గుర్తొచ్చింది. తెలుసుకునేవాణ్ని దేనితో తెలుసుకోగలం అని యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని అడుగుతాడు. ఎరిగేవాడు ఎరుకకు విషయం కాలేడన్నంతవరకూ ఇద్దరిదీ ఒకే దారి. రూడాల్ఫ్ ఒట్టో అనే జర్మన్ పండితుడు 1926లో ప్రాచ్య పాశ్చాత్య మార్మికతను పోలుస్తూ రాసిన పుస్తకంలో, ఫిష్టేనూ అద్వైతాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు కూడా.

కాని ఆ వాక్యం తర్వాత దారులు విడిపోతాయి. శంకరుల ఆత్మ నిష్క్రియం. అది చూస్తుంది గాని చేయదు. కర్తృత్వం అధ్యాస (ఒకదాన్ని మరొకటిగా పొరబడడం) వల్ల దానికి అంటగట్టినది, జ్ఞానం కలిగితే రాలిపోయేది. ఫిష్టే ‘నేను’లోంచి కర్తృత్వాన్ని తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. మనకు కర్మ మోక్షాన్ని ఇవ్వదు. ఆయనకు కర్తవ్యం తప్ప మరొక దారే లేదు. ప్రపంచం ఎందుకు ఉంది అని అడిగితే, మన కర్తవ్యం నెరవేర్చడానికి కావలసిన ముడిసరుకుగా ఉంది అన్నది ఆయన సమాధానం. పైగా ఆ ప్రయత్నం ఎన్నటికీ పూర్తికాదు. లక్ష్యానికి దగ్గరవుతూనే ఉండాలి, చేరడం ఉండదు. అద్వైతి కోరే విశ్రాంతి అందులో లేదు. అయితే 1800 తర్వాత ఆయన రచనల ధోరణి మారింది. 1806లో వెలువడిన ధన్యజీవన మార్గోపదేశంలో మార్పులేని ఏకైక ఉనికి గురించీ, దానితో ప్రేమ ద్వారా ఏకం కావడం గురించీ చెబుతాడు. ఆ పుస్తకం మీ నాన్నగారికి వినిపిస్తే, ఆయన తన మాటను వెనక్కి తీసుకోనవసరం లేదంటారు.

తిరుగు ప్రశ్న
రాసినవారు: బడిపంతులు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ తరగతిలో కూర్చుని గోడనూ, గోడను తలచినవాణ్నీ తలచుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. స్టెఫెన్స్ చెప్పిన కలవరం ఏమిటో అర్థమైంది. కాని దాని వెంటే ఒక కొత్త భయం పట్టుకుంది. ప్రతిదీ ‘నేను’ చర్య దగ్గరే మొదలైతే, నా ఎదురుగా బెంచీల మీద కూర్చునే నలభై మంది పిల్లలు ఎవరు? చెట్టును నేను తెలుసుకునే తీరులో చెట్టు ఉందంటే ఒప్పుకోగలను. పిల్లలను అలా అనడానికి మనసు ఒప్పడం లేదు.

జవాబు
రాసినవారు: యేనా నివాసి

మీ ప్రశ్న ఫిష్టేకు కూడా ఎదురైంది. నా ఉద్దేశంలో ఆయన ఇచ్చిన అన్ని జవాబుల్లోకీ గొప్పది ఈ ప్రశ్నకు ఇచ్చినదే. 1796లో మొదటి భాగం అచ్చయిన సహజ హక్కుల గ్రంథంలో అది ఉంది.

మనిషి తాను స్వేచ్ఛగా చేయగలవాణ్నని మొట్టమొదట ఎలా తెలుసుకుంటాడు? వస్తువుల మధ్యే పెరిగితే తెలుసుకోలేడు. రాయి అడ్డుపడుతుంది, నిప్పు కాలుస్తుంది; అవి మనల్ని నెడతాయి గాని, మన నుంచి జవాబు ఆశించవు. మరొక మనిషి పిలిచినప్పుడు మాత్రమే వేరొకటి జరుగుతుంది. ‘ఇటు రా, ఇది చెప్పు’ అని పిలిచేవాడు, ఎదుటివాడు రావచ్చు, రాకపోవచ్చు అని ముందే గుర్తించి పిలుస్తాడు. ఆ పిలుపును పిలుపుగా అర్థం చేసుకున్న పసివాడు, తాను చేయగలవాణ్ని, మానగలవాణ్ని అని ఆ క్షణంలో ఎరుగుతాడు. దీన్ని ఫిష్టే ఔఫ్‌ఫోర్డెరుంగ్ అన్నాడు, అంటే పిలుపు, కోరిక. మనుషుల మధ్యనే మనిషి మనిషి అవుతాడని ఆ గ్రంథంలో చెప్పాడు. చదువు చెప్పడం అంటే ఆ పిలుపేనని కూడా అక్కడే అంటాడు. అందువల్ల మీ నలభై మంది పిల్లలు మీ ‘నేను’ కల్పించుకున్న బొమ్మలు కారు. ఎవరో ఒకప్పుడు మిమ్మల్ని పిలవకపోతే మీకు ఈ ‘నేను’ అనే ఎరుకే కలిగేది కాదు.

ఇది చదివినప్పుడల్లా నాకు రమ్మెనౌ చర్చి ముందు నిలబడిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. ఫిష్టే తన బాల్యాన్ని మనసులో పెట్టుకుని ఇది రాశాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. నాకు అలా తోస్తుంది, అంతే. ఈ గ్రంథంలోనే ఆయన ఆస్తిని కూడా కొత్తగా నిర్వచించాడు. ఆస్తి అంటే ముందుగా ఒక వస్తువు మీద హక్కు కాదు, ఒక పని చేసుకుని బతకగలిగే హక్కు. పనిచేసి కూడా బతకలేని మనిషికి ఇతరుల ఆస్తిని గౌరవించే బాధ్యత ఉండదని తేల్చి చెప్పాడు. మగ్గం మీద బతికిన ఇంటినుంచి వచ్చిన మనిషి మాట అది.

జవాబు
రాసినవారు: చరిత్ర పాఠకుడు

జాతీయవాదం గురించిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను ప్రయత్నిస్తాను. పాత అధ్యాపకుడు గారి మీద గౌరవంతోనే ఒక మాట: ఫిష్టే జీవితాన్ని స్వేచ్ఛ కోసం సాగిన ప్రయాణంగా మాత్రమే చెబితే కొన్ని పేజీలు దాటేసినట్టవుతుంది.

ముందు ఆయన యేనా నుంచి ఎలా వెళ్లిపోయాడో చూద్దాం. 1798లో తాను సంపాదకుడిగా ఉన్న పత్రికలో, లోకంలో పనిచేస్తున్న నైతిక వ్యవస్థే దైవమనీ, దానికి అవతల మరొక దేవుణ్ని ఊహించనవసరం లేదనీ రాశాడు. సాక్సనీ ప్రభుత్వం ఆ సంచికను నిషేధించి, నాస్తికత్వం బోధిస్తున్నాడని ఆరోపించింది. యేనా విశ్వవిద్యాలయం ఎవరి కింద ఉండేదో ఆ వైమార్ ప్రభుత్వం మెత్తగా మందలించి ఊరుకోవాలనుకుంది. మందలిస్తే రాజీనామా చేస్తానని ఫిష్టే ముందుగానే ఉత్తరం రాసేసరికి, దాన్నే రాజీనామాగా స్వీకరించి 1799లో పంపించివేశారు. ఆయన బెర్లిన్ చేరాడు. 1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడిపోయింది. బెర్లిన్ ఫ్రెంచి సైన్యం చేతిలో ఉండగానే, 1807 డిసెంబరు 13 నుంచి 1808 మార్చి 20 వరకు, అక్కడి అకాడమీ భవనంలో ఆదివారాలలో పద్నాలుగు ప్రసంగాలు చేశాడు. నెపోలియన్‌కు వ్యతిరేకంగా ఒక కరపత్రం అమ్మినందుకు పాల్మ్ అనే పుస్తక విక్రేతను 1806లో కాల్చి చంపారు. ఆ సంగతి తెలిసి కూడా వేదిక ఎక్కాడు. అది నిస్సందేహంగా ధైర్యమే.

ఆ ప్రసంగాలలో యుద్ధానికి పిలుపు కన్నా విద్య గురించిన చర్చ ఎక్కువ. స్విస్ విద్యావేత్త పెస్టలోజీ పద్ధతిలో, ధనిక పేద తేడా లేకుండా పిల్లలందరికీ చదువు చెప్పి కొత్త తరాన్ని తయారుచేయాలని కోరాడు. స్వేచ్ఛనూ, ఆత్మోన్నతినీ నమ్మేవాడు ఎక్కడ పుట్టినా, ఏ భాష మాట్లాడినా మనవాడేనని ఏడో ప్రసంగంలో అన్నాడు. అదే సమయంలో, జర్మన్లు తమ మూలభాషను వదలని ఆదిమ జాతి అనీ, లాటిన్ నుంచి పుట్టిన భాషలు మాట్లాడేవారి భాష మూలంలో చచ్చిపోయిందనీ, అందుచేత వారి ఆలోచనలో జీవం లేదనీ వాదించాడు. తర్వాతి కాలపువారు మొదటి మాటను వదిలేసి రెండోదాన్ని పట్టుకున్నారు. వారు వక్రీకరించారని చెప్పి ఫిష్టేను తప్పించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ రెండో మాట కూడా ఆయనదే.

దీనికంటె బాధ కలిగించేది 1793 నాటి విప్లవ సమర్థన గ్రంథంలోనే ఉంది. మనుషులందరికీ జన్మతః హక్కులున్నాయని వాదించిన ఆ పుస్తకంలో, యూదులకు పౌరహక్కులు ఇవ్వడానికి వ్యతిరేకంగా, చదివితే ఒళ్లు జలదరించే ద్వేషవాక్యాలు రాశాడు. వయసు మళ్లాక ఆయన ప్రవర్తన మరోలా కనిపిస్తుంది. 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయానికి ఆయన 1811లో ఎన్నికైన తొలి రెక్టర్, అంటే అధిపతి. తోటి విద్యార్థుల వేధింపులకు గురైన ఒక యూదు విద్యార్థికి న్యాయం జరగలేదని సహ ఆచార్యులతో విభేదించి, 1812లో ఆ పదవి వదులుకున్నాడు. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి. ఒకటి మరొకదాన్ని చెరిపేస్తుందని నేను అనుకోను.

యేనా నివాసి గారు చెప్పిన ‘పిలుపు’ నాకు కూడా ఆయన ఆలోచనల్లో అత్యుత్తమమైనదిగా తోస్తుంది. ఆ పిలుపు అందుకోగలవారు ఎవరు, అందుకోలేనివారు ఎవరు అని భాషను బట్టీ, మతాన్ని బట్టీ గీత గీసిన ప్రతి చోటా ఆయన తన సిద్ధాంతానికే ఎదురు నడిచాడు.

జవాబు
రాసినవారు: పాత అధ్యాపకుడు

చరిత్ర పాఠకుడు గారి దిద్దుబాటును అంగీకరిస్తున్నాను. 1793 నాటి ఆ పేజీని నేను ఏనాడూ తరగతిలో ప్రస్తావించలేదు, ప్రస్తావించి ఉండవలసింది.

ఆయన మరణం సంగతి కూడా చెప్పాలి. 1813లో నెపోలియన్ మీద విమోచన యుద్ధం మొదలయ్యాక, గాయపడిన సైనికులతో బెర్లిన్ ఆసుపత్రులు నిండిపోతే, యోహానా వారికి నెలల తరబడి సేవ చేసి విషజ్వరం తెచ్చుకుంది. ఆమె కోలుకుంటున్న సమయంలో అదే జ్వరం ఫిష్టేకు సోకింది. 1814 జనవరి 29న, యాభై ఒక్క ఏళ్లకే, ఆయన కన్నుమూశాడు. ఖాళీ అయిన ఆయన ఆచార్య పీఠానికి 1818లో హెగెల్ వచ్చాడు. 1831లో మరణించినప్పుడు ఆయన కోరిక మేరకే ఫిష్టే సమాధి పక్కన ఖననం చేశారు.

బడిపంతులు గారు పరీక్ష రాయబోతున్నారు కనుక రెండు జాగ్రత్తలు చెబుతాను. వాదం, ప్రతివాదం, సంవాదం అనే మూడంచెల సూత్రాన్ని మన పుస్తకాలు హెగెల్‌కు ఆపాదిస్తాయి. ఆ మూడు పదాలనూ 1794–95 గ్రంథంలో ఒక పద్ధతిగా నడిపినవాడు ఫిష్టే. హెగెల్ తన పద్ధతిని ఆ పేరుతో చెప్పలేదు. రెండోది ‘భావవాదం’ అనే మాట. తెలుగులో ఆ పదం ఎక్కువగా భౌతికవాదానికి ప్రత్యర్థిగా, వామపక్ష సాహిత్యం ద్వారా మనకు అలవాటైంది. అందువల్ల భావవాది అనగానే, భావం ముందు, పదార్థం తర్వాత అని చెప్పేవాడే గుర్తొస్తాడు. ఫిష్టే ముందు నిలిపింది భావాన్ని కాదు, కృత్యాన్ని. జవాబు రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం మీ మాటల్లో రాయండి.

చదవడానికైతే 1794–95 గ్రంథంతో మొదలుపెట్టకండి. అది ఆయన పాఠాలు వింటున్న విద్యార్థుల చేతికి విడతలవారీగా అచ్చువేసి ఇచ్చినది, పక్కన గురువు లేకపోతే నడవదు. 1800లో సామాన్య పాఠకుల కోసం రాసిన ‘మానవుని కర్తవ్యం’ ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతుంది. అందులో సందేహం, జ్ఞానం, విశ్వాసం అని మూడు భాగాలు. రెండో భాగం ముగిసేసరికి చెట్టూ, గోడా, చివరికి ‘నేను’ కూడా కలలోని బొమ్మలుగా కరిగిపోతాయి. మీకు పట్టుకున్న భయం అక్కడ పూర్తిస్థాయిలో కనిపిస్తుంది. చాలామంది అక్కడికే పుస్తకం మూసి, ఫిష్టే చెప్పింది ఇంతేనని అనుకుంటారు. మీరు మాత్రం అదే రోజు మూడో భాగం తెరవండి. మీ నలభై మంది పిల్లలు తిరిగి వచ్చేది అక్కడే.